రెండో ఫ్యాన్ తెచ్చే గాలి ఎంత?

భూగర్భ బొగ్గు గనిలో ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజూ తీసే ప్రతి టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది అందాలని 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉన్న భూపాలపల్లిలోని సింగరేణి కాకతీయ ఖని గనులకూ ఇదే లెక్క.

ఉపరితలం మీది మెయిన్ ఫ్యాన్ గని గాలిని బయటికి లాగుతుంది. ఆ లాగుడు చాలని చోట దారి మధ్యలో బూస్టర్ ఫ్యాన్ పెడతారు. కొత్తగా తవ్వుతున్న సొరంగం కొసకు గాలి అందించేది డక్ట్, అంటే గాలి గొట్టం, తగిలించిన ఆగ్జిలరీ ఫ్యాన్. అక్కడ గాలి తగ్గిందంటే ముందుగా తట్టే ఆలోచన, ఇంకో ఫ్యాన్ పెడదామని.

అయితే ఒకే దారిలో గాలి రెట్టింపు కావాలంటే పీడనం నాలుగు రెట్లు కావాలి. 500 పాస్కల్‌ల పీడనంతో సెకనుకు 10 ఘనపు మీటర్లు సాగే డక్ట్‌లో 20 ఘనపు మీటర్లు పంపడానికి 2000 పాస్కల్‌లు పడతాయి. ఒకే రకం ఫ్యాన్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో పెడితే పీడనాలు కలుస్తాయి. గాలి మాత్రం సాధారణంగా 40 శాతానికి మించి పెరగదు.

రెండో ఫ్యాన్ ఎక్కడ పెట్టారన్నది ఇంకా ముఖ్యం. రెండూ మొదట్లోనే ఉంటే డక్ట్‌లో పీడనం ఎక్కువై ప్రతి చిరుగులోంచీ, ప్రతి అతుకులోంచీ గాలి కారిపోతుంది. మరీ దూరం జరిపితే రెండో ఫ్యాన్ ముందున్న గుడ్డ డక్ట్ లోపలికి పీల్చుకుపోయి ముడుచుకుంటుంది. అతుకుల గుండా సొరంగంలోని చెడు గాలే మళ్లీ డక్ట్‌లోకి చేరి కార్మికుల ముఖాన కొడుతుంది. గాలి లేకపోవడం ఎంత ప్రమాదమో, మంచి గాలి వస్తోందన్న భ్రమ కూడా అంతే ప్రమాదం.

పక్కపక్కన, పారలల్‌లో పెట్టిన ఫ్యాన్లు వెడల్పాటి, పొట్టి దారుల్లో బాగా పనికొస్తాయి. సన్నటి పొడవాటి డక్ట్‌లో రెండో ఫ్యాన్ శ్రమ చాలావరకు వృథా. పైగా ఒకటి ఆగిపోయినప్పుడు దాని డ్యాంపర్‌ను, అంటే గాలిదారిని మూసే తలుపును, మూయకపోతే, నడిచే ఫ్యాన్ తోసిన గాలి ఆగిన దాని గుండా వెనక్కి పోతుంది.

కాబట్టి ముందు చూడాల్సింది డక్ట్‌నే. చిరుగులు కుట్టి, వంపులు సరిచేసి, వీలైతే వ్యాసం పెంచాలి. 600 మిల్లీమీటర్ల డక్ట్ బదులు 750 మిల్లీమీటర్లది వేస్తే, అంతే గాలికి కావాల్సిన పీడనం దాదాపు మూడో వంతుకు దిగుతుంది. చాలాసార్లు అప్పుడు పాత ఫ్యానే సరిపోతుంది.