చుట్టరికాలకు జట్లు కట్టే నేర్పు

కంకిపాడు చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా శుభలేఖలకంటే ముందు పిలుపుల జాబితా మొదలవుతుంది. దాయాదులు ఒక వరస, అమ్మ పుట్టింటివాళ్ళు ఒక వరస, ఆడపడుచుల అత్తవారిళ్ళు మరో వరస. ఆ తర్వాత ఊళ్ళవారీగా పునాదిపాడు, ఈడుపుగల్లు, తెన్నేరు, ఉయ్యూరు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక సింధనూరు, గంగావతి వైపు భూములు కొనుక్కుని వెళ్ళిన ‘క్యాంపు’ల వాళ్ళు ఇంకో కాగితం. అమెరికా వాళ్ళది వేరే కాగితం. ఇలా రాస్తూ పోతే ఒకే మనిషి మూడు చోట్ల తేలతాడు. మేనమామ అక్కని చేసుకుంటే ఆయన అమ్మ పుట్టింటివాళ్ళలోనూ ఉంటాడు, అల్లుళ్ళలోనూ ఉంటాడు. కాపురం సింధనూరులో అయితే క్యాంపు జాబితాలోనూ ఉండాలి. కాగితం మీద మూడు చోట్లా రాస్తే శుభలేఖ మూడుసార్లు పోతుంది. ఒకచోటే రాస్తే మిగతా రెండు జాబితాల్లో ఆయన కనపడడు.

ఈ చిక్కుని శ్రద్ధగా ఆలోచించి కట్టిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు గ్రాంప్స్. డాన్ ఆలింగ్‌హామ్ 2001లో మొదలుపెట్టిన పని ఇది. పైథాన్ భాషలో రాశారు. జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. జీతం లేని కార్యకర్తలే దాన్ని ఇన్నేళ్ళుగా నిలబెట్టుకొస్తున్నారు. పేర్లు, ఊళ్ళు నేరుగా తెలుగులో టైపు చేసుకోవచ్చు. వంశవృక్షం బొమ్మ అందంగా గీసి చూపే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. మనుషుల్ని జట్లుగా కూర్చడంలో ఇంత పనితనం చూపినది మాత్రం, నేను చూసినంతలో, ఇదే.

మన దగ్గర ఈ విద్య కొత్తది కాదు. ఏ ఇంటిపేరు ఏ గోత్రంలోకి వస్తుందో నోటికి చెప్పగలిగిన కులాలే ఉన్నాయి. భట్రాజులు ఉన్నారు. పాత పేరు చులకనగా ఉందని ప్రభుత్వ జాబితాల్లో వంశరాజ్ అని మార్చి రాసిన కులంవారు ఉన్నారు. ఇంటింటి వంశక్రమాన్ని వాళ్ళు పేర్ల దండకంగా మాత్రమే గుర్తుపెట్టుకోలేదు. ఎవరు ఎవరితో చేరతారు, ఎవరు చేరరు అన్నదీ అందులో భాగమే. వంశచరిత్రకి జట్టు అంత ముఖ్యం. పేరు తెలిసినంత మాత్రాన మనిషి ఎవరో తెలియదు, ఎవరి తాలూకో తెలియాలి.

గ్రాంప్స్‌లో మనిషి వివరాలు ఒక్కసారే నమోదవుతాయి. జట్టు కట్టడానికి రెండు పద్ధతులు. ఒకటి ట్యాగ్, అంటే మనం చేత్తో పెట్టే గుర్తు. ‘క్యాంపు వాళ్ళు’ అని ఒక ట్యాగ్, ‘ఫోటో దొరకాలి’ అని ఇంకొకటి, మనకి కావలసిన పేరుతో, కావలసిన రంగుతో. ఒకరికి ఎన్నైనా పెట్టవచ్చు. మరి రెండు మూడు రంగులున్న మనిషి జాబితాలో ఏ రంగులో కనపడాలి? ట్యాగులన్నిటినీ పైనుంచి కిందికి ఒక క్రమంలో పేర్చుకోమంటుంది సాఫ్ట్‌వేర్. పైన ఉన్న ట్యాగ్ రంగే కనిపిస్తుంది, మిగతావి చెరిగిపోవు. ఏది ముందు అన్న తీర్పు మనదే. చిన్న ఏర్పాటే, కానీ వందలమంది పేర్లు ఒకేసారి తెర మీద ఉన్నప్పుడు కంటికి ఎంత హాయిగా ఉంటుందో వాడినవాళ్ళకి తెలుస్తుంది.

రెండో పద్ధతి ఫిల్టర్. ఇక్కడ మనుషుల్ని మనం ఏరం, షరతు చెబుతాం. ఫలానా వ్యక్తి వారసులు, ఫలానా ఊళ్ళో పుట్టినవాళ్ళు, ఫలానా ట్యాగ్ ఉన్నవాళ్ళు, ఇలాంటి నియమాలు చాలా సిద్ధంగా ఉన్నాయి. కావలసినవి ఒకదాని కింద ఒకటి పేర్చి, అన్నీ వర్తించాలా, ఏదో ఒకటి వర్తిస్తే చాలా, సరిగ్గా ఒక్కటే వర్తించాలా అని ఎంచుకోవాలి. కింద ఇంకో టిక్కు ఉంటుంది: నియమాలకి సరిపడనివాళ్ళనే చూపించు అని. అన్నిటికంటే మెచ్చుకోవలసింది, ఒక ఫిల్టర్‌ని ఇంకో ఫిల్టర్‌లో నియమంగా వాడుకోవచ్చు.

ఈ నాలుగు మాటలతో మన దాయాదుల జట్టు కట్టి చూద్దాం. చావు మైల పదిరోజులు పట్టేది దాయాదులకి. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లకి పుట్టింటి మైల మూడురోజులే. దత్తు వెళ్ళినవాడు దత్తత చేసుకున్న ఇంటి లెక్కలోకి పోతాడు. కులాన్నిబట్టీ ఇంటి ఆచారాన్నిబట్టీ రోజులు మారవచ్చు గానీ ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఇంచుమించు ఇదే. గ్రాంప్స్‌లో గోత్రానికి ప్రత్యేకంగా గడి లేదు. అయితే అట్రిబ్యూట్ అని ఒక ఖాళీ చోటు ఉంది, దానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ‘గోత్రం’ అని పెట్టుకుని, పెళ్ళయిన స్త్రీలకి మెట్టినింటి గోత్రం అక్కడ రాసి, ‘పుట్టింటి గోత్రం’ అని రెండోది విడిగా రాసుకుంటే సరిపోతుంది.

ముత్తాత పేరు వెంకయ్య అనుకుందాం. మొదటి నియమం: వెంకయ్య వారసులూ, ఆ వారసుల భార్యలూ భర్తలూ. దీంతో కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, వాళ్ళందరి పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడతారు. రెండో నియమం: గోత్రం వెంకయ్యగారిదే అయి ఉండాలి. అన్నీ వర్తించాలి అని చెప్పగానే అల్లుళ్ళు తప్పుకుంటారు, కూతుళ్ళ పిల్లలు తప్పుకుంటారు, పెళ్ళయిన కూతుళ్ళూ తప్పుకుంటారు. కోడళ్ళు మిగులుతారు. పెళ్ళికాని ఆడపిల్లలు మిగులుతారు. దత్తు వెళ్ళినవాడికి గోత్రం మారింది కాబట్టి అతనూ బయటికి వెళతాడు. అతని రికార్డు మాత్రం కన్నవాళ్ళ కుటుంబంతోనూ, పెంచుకున్నవాళ్ళ కుటుంబంతోనూ ముడిపడే ఉంటుంది, ఒకచోట జన్మసంబంధమని, ఇంకోచోట దత్తత అని. పదిరోజుల మైల పట్టే మనుషుల జాబితా రెండే రెండు నియమాలతో తేలిపోయింది. గోత్రం పాటించని ఇళ్ళవాళ్ళు ఆ చోట ఇంటిపేరు పెట్టుకున్నా ఇదే ఫలితం. రేపు ఆ ఇంట్లో పిల్లకి పెళ్ళయి గోత్రం మార్చి రాస్తే జాబితా మళ్ళీ రాయక్కర్లేదు. అడిగిన ప్రతిసారీ ఫిల్టర్ కొత్తగా లెక్కేస్తుంది.

ఇంతకంటే కష్టమైన జాబితా పుష్కరాలది. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాల్లో పిండప్రదానానికి వెళ్ళిన ప్రతి ఇంటివాళ్ళూ బ్రహ్మగారి ముందు కూర్చుని పేర్లు, గోత్రాలు చెప్పినవాళ్ళే. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు. అటువైపు అమ్మ తండ్రి, ఆయన తండ్రి, తాత, వాళ్ళ భార్యలు. ఆ తర్వాత కారుణ్య పితరులు: పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, అత్తమామలు, చివరకి గురువు, స్నేహితుడు. పూర్వీకులు మూడు తరాలు అని అడిగితే కంప్యూటర్ పద్నాలుగు మందిని ఇస్తుంది. అందులో నాయనమ్మ పుట్టింటివాళ్ళూ ఉంటారు, వాళ్ళ వరస ఇక్కడ లేదు. అందుకని పూర్వీకుల నియమానికి మన గోత్రం జోడించి ఒక ఫిల్టర్, ఒక తరం పైకి వెళ్ళి అమ్మ పుట్టింటి గోత్రం జోడించి ఇంకో ఫిల్టర్. గురువునీ స్నేహితుణ్ణీ ఏ రక్తసంబంధపు నియమమూ పట్టుకోలేదు. అందుకని కారుణ్య పితరులందరికీ ‘కారుణ్యం’ అని చేత్తో ట్యాగ్ పెట్టాలి. ఇప్పుడు మూడోది ఒక పెద్ద ఫిల్టర్: మొదటిది గానీ, రెండోది గానీ, ఈ ట్యాగ్ గానీ ఏదో ఒకటి వర్తిస్తే చాలు. లెక్క తేల్చగలిగినచోట నియమం, మనసుకి తప్ప తెలియనిచోట చేతి గుర్తు. రెండూ ఒకే జాబితాలో కలిశాయి. గ్రాంప్స్ పనితనం నాకు పూర్తిగా అర్థమైంది ఇక్కడే.

బతికున్నవాళ్ళని ఈ జాబితాలోంచి తీసేయాలి కదా. పాతతరం ఆడవాళ్ళ మరణ తేదీలు చాలా ఇళ్ళలో ఎక్కడా రాసి ఉండవు. దీనికీ ఒక నియమం ఉంది: బహుశా జీవించి ఉన్నవారు. తేదీ లేకపోతే పిల్లల పుట్టిన సంవత్సరాలనిబట్టి, తల్లిదండ్రుల తేదీలనిబట్టి అంచనా కడుతుంది. మనం మార్చకపోతే మనిషి ఆయుష్షుకి హద్దు 110 ఏళ్ళు అనుకుంటుంది. దీన్ని తిరగేసి వాడుకుంటే చాలు. ‘బహుశా’ అని చెప్పి మరీ చెప్పడం నాకు నచ్చింది.

మేనరికాల సంగతి చెప్పకుండా మన వంశాల గురించి మాట్లాడలేం. మేనమామ మేనకోడలిని చేసుకుంటే వాళ్ళ బిడ్డకి నాయనమ్మే అమ్మమ్మకి అమ్మ. మేనత్త కూతురిని చేసుకున్నవాళ్ళ పిల్లలకి ఎనిమిది మంది ముత్తాతలూ తాతమ్మలూ ఉండాల్సినచోట ఆరుగురే ఉంటారు. బొమ్మ గీస్తే ఆ ఇద్దరూ రెండు కొమ్మల మీద రెండుసార్లు వస్తారు. గ్రాంప్స్‌లో దీనికోసమే ఒక నియమం ఉంది: ఒక మనిషికి ఒకటికంటే ఎక్కువ దారుల్లో పూర్వీకులైనవాళ్ళు. అడగ్గానే ఆ ఇద్దరూ, వాళ్ళ పై తరాలూ ఒక జట్టుగా బయటికొస్తారు. ఏ తరంలో రెండు ఇళ్ళు మళ్ళీ కలిశాయో అక్కడే తెలిసిపోతుంది. కృష్ణా డెల్టాలో భూమీ బంధుత్వమూ ఎంత పెనవేసుకుపోయాయో రాయదలచినవాళ్ళకి ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

ఇంటిపేర్ల విషయంలోనూ ఒక మంచి ఏర్పాటుంది. ఒకరు ‘గద్దె’ అని రాస్తారు, తమ్ముడే ‘గద్దే’ అని రాస్తాడు. పేరు రాసే తెరలో, ఈ పేరుని ఏ శీర్షిక కింద చేర్చాలి అన్న గడి ఉంటుంది. అందులో ‘గద్దె’ అని పెడితే సాఫ్ట్‌వేర్ వెంటనే పని చేసెయ్యదు, ఆగి అడుగుతుంది: ఈ స్పెల్లింగు ఉన్న అందరినీ అక్కడికి చేర్చనా, ఈ ఒక్కరినేనా? మనిషి రాసుకున్న అక్షరం మార్చదు, జాబితాలో కూర్చునే చోటు మాత్రమే మారుస్తుంది. వంశచరిత్ర రాసేవాళ్ళకి ఉండాల్సిన మర్యాద అది.

లోపాలు లేకపోలేదు. అట్రిబ్యూట్‌కి తేదీ ఉండదు కాబట్టి గోత్రం ఎప్పుడు మారిందో అక్కడ రాయలేం. పెళ్ళి తేదీనిబట్టి మనమే ఊహించుకోవాలి. తండ్రి గోత్రం పిల్లలకి దానంతటది రాదు, ఒక్కొక్కరికీ టైపు చేయాల్సిందే. ఊళ్ళకైతే తేదీలు పెట్టుకోవచ్చు: విజయవాడ 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లా, ఆ రోజునుంచి ఎన్టీఆర్ జిల్లా అని రెండూ నిజంగానే నిలుస్తాయి. మనిషి గోత్రానికీ ఆ సౌకర్యం ఉండి ఉంటే బాగుండేది. ఇంకో పెద్ద చిక్కు జెడ్‌కామ్‌తో. వంశవృక్షాల్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఈ ప్రమాణం 1984 నాటిది. ఇలాంటి జట్ల కోసం అందులో చోటు లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకి జెడ్‌కామ్ ఫైలు పంపితే మనుషులు చేరతారు, మీరు కట్టిన జట్లు చేరవు.

మొదలుపెట్టదలచినవాళ్ళకి రెండు మాటలు. ఇంటికొచ్చిన కోడళ్ళ పుట్టింటి ఇంటిపేరూ, ఊరూ తప్పకుండా రాయండి. గ్రాంప్స్‌లో పుట్టినప్పటి పేరుకి, పెళ్ళయ్యాక వచ్చిన పేరుకి వేర్వేరు చోట్లున్నాయి. అవి ఖాళీగా ఉంటే పైన చెప్పిన జట్లలో సగం తేలవు. రెండోది, మీరు తయారుచేసుకున్న ఫిల్టర్లు వంశవృక్షం ఫైలులో ఉండవు. అవి మీ కంప్యూటర్‌లోనే, గ్రాంప్స్ ఫోల్డరులో, ‘కస్టమ్ ఫిల్టర్స్’ పేరుతో ఉన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసేటప్పుడు ఆ ఫైలు కూడా తీసుకోండి.