మాంసము కాని మాంసము: పొట్లముపై ఏమి వ్రాయవలెను?

కణవర్ధనమును గూర్చి తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, తొట్టిలో పెంచిన కోడిమాంసము పొట్లముపై ఆకుపచ్చ గుర్తు వేయుదురా, గోధుమరంగు గుర్తు వేయుదురా?" అని అడిగెను. తరగతి అంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు, ఏలయన సమాధానమును రాలేదు. ఇంటికి పోయి నిబంధనలను తిరుగవేసిన పిమ్మట తోచిన సంగతులను పాఠకుల యెదుట ఉంచుచున్నాను.

ముందుగా ఆ మాంసము ఎట్లు తయారగునో చూతము. బ్రతికియున్న జంతువు కండరమునుండి చిన్న ముక్క తీసి, అందలి కణములను వేరుచేసి, చక్కెరలు, అమైనో ఆమ్లములు, లవణములు, విటమినులు గల ద్రవములో తగిన వేడియందు ఉంచుదురు. ఒక కణము రెండై, రెండు నాలుగై పెరుగును. 2013లో మార్క్ పోస్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఇట్టి మాంసముతో చేసిన బర్గరును లండనులో అందరి యెదుట వండించి రుచి చూపించెను. ఆ ఒక్కదానికైన ఖర్చు సుమారు 2,50,000 యూరోలు! 2020 డిసెంబరులో సింగపూరు ఇట్టి మాంసము అమ్మకమునకు మొట్టమొదట అనుమతి నిచ్చెను. 2023లో అమెరికా ఇచ్చెను. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి., జాతీయ మాంస పరిశోధన కేంద్రములు కూడ 2019లో కేంద్ర ప్రభుత్వ ధనసహాయముతో ఈ పరిశోధనకు పూనుకొనినవి. కాబట్టి మావాని ప్రశ్న ఆకాశపుష్పము వంటిది కాదు.

మన దేశపు నిబంధన ప్రకారము సమాధానము సులభమే. జంతువునుండి లభించిన పదార్థమేది కలిసినను అది మాంసాహారమే. పాలు, తేనె వంటి కొన్నింటికి మాత్రము మినహాయింపు కలదు. తొట్టిలోని కణములకు మూలము కోడి గనుక గోధుమరంగు త్రికోణమే వేయవలెను. (వెనుక ఇదియు చుక్కయే. 2020 నిబంధనలలో త్రికోణముగా మార్చిరి. రంగులను పోల్చుకొనలేని వర్ణాంధులకు ఇది గొప్ప మేలు.) ఈ తీర్పు నాకు సమ్మతమే.

అయితే ఇట్టి మాంసమును కొనదలచువారిలో అనేకులు జీవహింస ఇష్టము లేనివారు. వారు తెలిసికొనగోరునది త్రికోణము చెప్పదు. కణములను పెంచు ద్రవములో చాలకాలముగా పిండసీరమును కలుపుట ఆనవాయితీ. గర్భముతోనున్న ఆవును వధించినప్పుడు, లోపలి దూడపిండము నెత్తురునుండి తీయునది ఈ సీరము. సింగపూరులో మొదట అనుమతి పొందిన కోడిమాంసము తయారీలో ఇది కొద్దిగా వాడబడినది. సీరము లేని ద్రవమునకు అచ్చట 2023లో అనుమతి లభించెను. ఈ రెండు విధముల మాంసమునకును నడుమ ఎంత భేదమో అహింసాపరుని అడిగిన చెప్పును. కాని "కణవర్ధిత మాంసము" అను మాట రెండింటికిని ఒక్కటే.

ఇంతటి ముఖ్య విషయము నట్లుంచి, ప్రభుత్వములు దేనిని గూర్చి పోరాడుచున్నవి? పేర్లను గూర్చి. వృక్షసంబంధమైన పదార్థములకు "స్టేకు" మొదలగు 21 పేర్లు వాడరాదని ఫ్రాన్సు 2024 ఫిబ్రవరిలో శాసించెను. తగిన ప్రత్యేక నామమును చట్టబద్ధముగా నిర్ణయింపక ఒక సభ్యదేశము అట్లు నిషేధింపరాదని ఐరోపా న్యాయస్థానము అదే సంవత్సరము అక్టోబరులో చెప్పెను. 2025 అక్టోబరులో ఐరోపా పార్లమెంటు మరల నిషేధము వైపే ఓటు వేసెను. సోయా స్టేకును ఎద్దుమాంసమనుకొని మోసపోయినవాడు ఎక్కడ ఉన్నాడో నాకు కానరాడు. మనము కొబ్బరిపాలు అందుము, మర్రిపాలు అందుము, జిల్లేడుపాలు అందుము. ఆ పేరు చూచి జిల్లేడుపాలను కాఫీలో పోసికొన్నవాడు లేడు. మరి మన వంటిండ్లలోని "మీల్‌మేకర్" సంగతి యేమి? ఆ పేరులో సోయాయు లేదు, మాంసమును లేదు. ఐనను గృహిణులకు అది ఏమిటో తెలియును. పశుపాలకుల జీవనభీతి నిజమే కావచ్చును. దానికి మందు వేరు. కొనువాని కన్నులకు గంతలు కట్టుట కాదు.

పేరు నిజముగా ప్రాణముతో ముడిపడిన చోటు ఒకటి కలదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రము 2018లో, వధకు పెంచిన పశుపక్షులనుండి రానిదానిని మాంసమని ప్రకటించి అమ్మరాదని చట్టము చేసెను. ఇట్టి తర్కమును చేపలకు కూడ వర్తింపజేసినచో ఏమగును? 2025లో ఆ దేశమున కణములనుండి పెంచిన సాల్మన్ చేప భోజనశాలలో వడ్డింపబడినది. అది చేప కణమే, అందలి ప్రోటీనులు చేప ప్రోటీనులే. చేప పడనివారు దానిని తిన్నచో దద్దురులు లేచును, ఊపిరి సలుపకపోవచ్చును. అట్టి పొట్లముపైనుండి "చేప" అను మాటను చట్టమే తుడిచివేయుట ఎంత ప్రమాదము! మాట ఉండవలెను; దానితోపాటు "కణములనుండి పెంచినది" అనియు ఉండవలెను.

వృక్షమాంసముల విషయమునను ఇట్టి చిక్కే కలదు. క్వార్న్ అను పదార్థము ఫ్యుసేరియమ్ జాతి బూజునుండి చేయబడును. అమెరికాలో వ్యాజ్యము నడిచి 2017లో రాజీ కుదిరిన పిమ్మట గాని అది బూజు అని పొట్లముపై స్పష్టముగా చెప్పలేదు. నేడు అనేక వృక్షమాంసములు బఠానీ ప్రోటీనుతో తయారగుచున్నవి. వేరుసెనగ పడనివారిలో కొందరికి బఠానీయు పడదు. సోయాను, వేరుసెనగను హెచ్చరికగా ప్రకటింపవలెనని మన నిబంధనలు చెప్పుచున్నవి. ఆ జాబితాలో బఠానీ లేదు. పదార్థముల పట్టికలో చిన్న అక్షరములతో ఉండును, నిజమే. ఆకలిగొన్నవాడు అద్దము పెట్టి చదువునా?

బి-12 విటమిను చెట్లలో పుట్టదు గనుక వృక్షమాంసములో దానిని కలిపిరో లేదో చూచుకొనుట మంచిది.

మరునాడు తరగతిలో, "త్రికోణమేనోయ్" అని చెప్పి, సీరము సంగతియు వివరించితిని. ఆ విద్యార్థి కొంతసేపు ఊరకుండి, "మరి ఆ సంగతి పొట్లముపై ఎక్కడ వ్రాయుదురండీ?" అని అడిగెను. త్రికోణము ప్రక్కన దానికి చోటు లేదని చెప్పవలసివచ్చినది.