అసమ్మతికి చోటు: విశ్వవిద్యాలయంలో చట్టం, నీతి, విధానాల చర్చపై ఒక విమర్శ

పాఠం ఉద్దేశం

చట్టాల గురించి, ప్రభుత్వ విధానాల గురించి విశ్వవిద్యాలయాల్లో తరచూ సదస్సులు జరుగుతుంటాయి. మరునాటి పత్రికలో వార్త వస్తుంది. ఎవరు జ్యోతి వెలిగించారు, ఎవరు అధ్యక్షత వహించారు, ముఖ్య అతిథి ఏమన్నారు అన్నవి అందులో ఉంటాయి. చర్చ బాగా జరిగిందా లేదా అన్నది మాత్రం ఆ వార్త చదివి మీరు తేల్చుకోలేరు.

కథను, నాటకాన్ని విమర్శించడానికి మనకు కొలమానాలున్నాయి. బహిరంగ చర్చను విమర్శించడానికి కూడా కొలమానం కావాలి. ఈ పాఠంలో రెండు ప్రశ్నలను కొలమానంగా ప్రతిపాదిస్తున్నాం. ఒప్పుకోని వారి మాట కారణాలతో సహా నమోదైందా? నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారు ఆ నమోదును చదవగలరా? ఈ ప్రశ్నలతో 1914 నాటి ఒక విశ్వవిద్యాలయ వివాదాన్ని, 1962 నాటి ఒక తీర్పును, నేటి హైదరాబాదు పాతబస్తీ సమస్యను పరిశీలిద్దాం.

1. ఒక చౌరస్తా, మూడు ప్రశ్నలు

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో మీ బండి ఆపి, మీ ముఖాన్ని ఫోనులో ఫొటో తీశారనుకోండి. మీ మీద ఏ కేసూ లేదు. అప్పుడు మూడు ప్రశ్నలు పుడతాయి. ఏ చట్టం ఆ అధికారం ఇచ్చింది? ఇది చట్టపు ప్రశ్న. ఏ ఆరోపణా లేని మనిషిని అలా చూడటం న్యాయమేనా? ఇది నీతి ప్రశ్న. దానివల్ల నేరాలు తగ్గుతాయా, పొరపాటున వేరొకరి ముఖంతో సరిపోలితే దిద్దేది ఎవరు? ఇది విధానపు ప్రశ్న.

ఇది కేవలం ఊహ కాదు. ముఖాలను పోల్చి గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను తెలంగాణ పోలీసులు 2018లో తమ ‘టీఎస్‌కాప్’ యాప్‌లో చేర్చారు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, పాతబస్తీలో తనను ఆపి మాస్కు తీయమన్నారనీ, ఫొటో తీశారనీ ఒక సామాజిక కార్యకర్త చెప్పారు. ఆయన ఆ తరవాత ఈ సాంకేతికతను ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు.

రెండో వైపు వాదన కూడా బలమైనదే. తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల దగ్గరకు చేర్చడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే పోలీసులు వాడారు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే, జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలని ప్రజాభద్రత చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం కెమెరాల గురించి చెప్పింది కాని ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పలేదు.

ఇలాంటి విషయం మీద సదస్సు జరిగితే సాధారణంగా ఏమవుతుంది? న్యాయవాది సెక్షన్లు చదువుతారు. తత్త్వశాస్త్ర ఆచార్యులు స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. అధికారి నేరాల అంకెలు చూపిస్తారు. ఎవరి ప్రశ్నకు వారే జవాబు చెప్పుకొని దిగిపోతారు. చివరికి ‘సమతుల్యత అవసరం’ అని తీర్మానం అవుతుంది. ఏది ఎంత వదులుకుంటే సమతుల్యత అన్నది ఎవరూ చెప్పరు. ఆ తీర్మానంతో ఏకీభవించని వారు సభలో ఉన్నా, వారి మాట కాగితం మీద మిగలదు. మన విశ్వవిద్యాలయ చర్చల్లోని పెద్ద లోపం ఇదే.

2. 1914: ఉపసంఘంలో ఒక అసమ్మతి

అసమ్మతిని కాగితం మీద మిగిల్చిన చర్చ ఎలా ఉంటుందో చూడండి. 1910 తరవాతి సంవత్సరాల్లో, విద్యార్థులు తెలుగు రచనను గ్రాంథికంలోనే రాయాలా, శిష్టులు మాట్లాడే వ్యావహారికంలో కూడా రాయవచ్చా అన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చింది. పైకి ఇది పరీక్షల నియమం. లోతున చూస్తే, ఇంట్లో మాట్లాడే మాటకు పిల్లవాడి మార్కులు తగ్గించడం న్యాయమా అన్న నీతి ప్రశ్న ఉంది.

1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగు పక్షాన విజ్ఞాపన పత్రం ప్రచురించారు. అదే ఏడాది జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షాన పుస్తకం తెచ్చారు. విశ్వవిద్యాలయం నియమించిన తెలుగు రచన ఉపసంఘంలో గ్రాంథిక పక్షానిదే పైచేయి అయింది. సభ్యుడైన గురజాడ అప్పారావు దానికి ఒప్పుకోలేదు. అలాగని సభ వదిలి వెళ్లిపోనూ లేదు. 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు.

ఆ పత్రం విలువ ఎక్కడుందో గమనించండి. గురజాడ ‘నాకు ఇది నచ్చలేదు’ అని ఊరుకోలేదు. ప్రత్యర్థులు ప్రమాణాలుగా చూపిన రూపాలను, కవుల ప్రయోగాలను ఒక్కొక్కటిగా తరచి చూశారు. వ్యావహారికాన్ని ఒప్పుకుంటే తలా ఒక తెలుగు రాసి భాషకు నిలకడ పోతుందన్నది గ్రాంథికవాదుల భయం. అది తీసిపారేయదగ్గ భయం కాదు. ఎదుటి పక్షం వాదనను దాని బలంతో సహా ఎదుర్కొన్న అసమ్మతే తరవాతి తరానికి పనికివస్తుంది.

గురజాడ 1915 నవంబరు 30న మరణించారు. తన పక్షం గెలవడం ఆయన చూడలేదు. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం మాత్రం ఆయన కోరిన తెలుగులోనే ఉంది. మన మొదటి ప్రశ్నకు ఆ పత్రం నిలబడుతుంది. రెండో ప్రశ్న దగ్గర తడబడుతుంది. తెలుగు పిల్లలు ఏ తెలుగు రాయాలన్న ఆ వాదమంతా రెండు పక్షాలూ ప్రధానంగా ఇంగ్లీషులో నడిపాయి. పరీక్ష రాయవలసిన వారికి అది అందలేదు.

3. 1962: ఇద్దరు న్యాయమూర్తుల మాట

పాతబస్తీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన అసమ్మతి సుప్రీంకోర్టులో దొరుకుతుంది. దాన్ని రాసిన వారు రాజమండ్రిలో పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా అతని పేరు మీద పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర ‘రౌడీషీట్’ అనే మాట మీకు తెలుసు కదా, అలాంటిదే. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా, రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు తట్టడం, రాకపోకల మీద ఆరా, ఇవన్నీ పోలీసు నిబంధనల ప్రకారమే జరిగాయి.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. నలుగురు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టివేశారు. మిగతా నిఘా చెల్లుతుందనీ, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ అన్నారు. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదనీ, ఎప్పుడూ ఎవరో కనిపెట్టి చూస్తుంటే అతని నడవడికే మారిపోతుందనీ సుబ్బారావు వాదన సారాంశం. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని ఆయన నిర్ధారించారు.

ఈ వాదనలో మన మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడటం చూడండి. ‘దీనికి చట్టం ఉందా’ అని అడిగితే, అవి శాఖాపరమైన నిబంధనలే కాని చట్టం కావని తేలింది. ‘మనిషికి ఏమవుతుంది’ అన్న నీతి ప్రశ్న స్వేచ్ఛ అనే పదానికి అర్థాన్ని పెంచింది. సదస్సుల్లో విడివిడిగా ఉండిపోయే వాదనలు ఇక్కడ ఒకే తర్కంగా మారాయి.

55 ఏళ్ల తరవాత, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యత హక్కు లేదన్న భాగం చెల్లదన్నారు. ప్రభుత్వం గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. తెలంగాణ హైకోర్టుకు వెళ్లిన వ్యాజ్యానికి ఆధారం ఇదే.

4. అసమ్మతిని కూడా విమర్శించాలి

గెలిచిన అసమ్మతి అని దాన్ని పూజిస్తే అది విమర్శ కాదు. సుబ్బారావు వాదన ఒక పేరుతో మొదలవుతుంది. ఖరక్ సింగ్ అనే మనిషి, అతని మీద ఒక షీట్, అతని ఇంటి ముందు ఒక కానిస్టేబుల్. నేటి నిఘా పేరుతో మొదలు కాదు, చోటుతో మొదలవుతుంది. కెమెరా ముందు నుంచి వెళ్లే వారందరూ అందులో పడతారు. తన మీద షీట్ ఉందని ఖరక్ సింగ్‌కు తెలుసు కాబట్టి కోర్టుకు వెళ్లాడు. తన ముఖం ఏ జాబితాతో పోల్చారో తెలియని మనిషి దేన్ని సవాలు చేయగలడు?

అంతేకాదు, ఏ బస్తీలో తనిఖీలు ఎక్కువ జరుగుతాయో ఆ బస్తీ ముఖాలే రికార్డుల్లో ఎక్కువగా చేరతాయి. అవి చేరిన కొద్దీ ఆ బస్తీ మీద అనుమానం పెరుగుతుంది. ఒక వ్యక్తి హక్కుగా చూసినంత కాలం ఈ సమస్య కనిపించదు. ఒక బస్తీకి జరుగుతున్నదిగా చూస్తేనే కనిపిస్తుంది. 1962 వాదన ఇక్కడి దాకా రాదు. ఈ ఖాళీని పూరించవలసిన చోటు విశ్వవిద్యాలయం. కోర్టు తన ముందుకు వచ్చిన కేసుకు కట్టుబడి ఉంటుంది, విశ్వవిద్యాలయానికి ఆ పరిమితి లేదు.

5. ఎవరి భాషలో?

ఇక రెండో ప్రశ్న. తీర్పులు ఇంగ్లీషులో వస్తాయి, వాటి మీద సదస్సులు కూడా ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. అది తప్పనిసరి అని మీరు అనుకుంటే, మీ నగర చరిత్రే కాదంటుంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా తీసుకుంది. అందుకోసం అనువాద శాఖను ఏర్పాటు చేసి, విజ్ఞాన శాస్త్రాల నుంచి న్యాయశాస్త్రం దాకా పుస్తకాలను అనువదించింది. ఆధునిక న్యాయశాస్త్రాన్ని భారతీయ భాషలో చెప్పవచ్చని అది రుజువు చేసింది. అదే సమయంలో, నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగును పక్కన పెట్టింది. 1948 తరవాత అక్కడ ఇంగ్లీషు వచ్చి, ఉర్దూ కూడా ఆ స్థానం కోల్పోయింది.

ఈ చరిత్ర తెలుగు మాధ్యమానికి కూడా ఒక హెచ్చరిక. చాంద్రాయణగుట్టలో, పక్కనే ఉన్న బార్కాస్‌లో చాలా ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. అక్కడి తనిఖీల మీద తెలుగులో మాత్రమే చర్చ జరిపి ‘ప్రజల భాషలో మాట్లాడాం’ అనుకుంటే, 1914 నాటి లోపాన్నే మళ్లీ చేసినవారమవుతాం. ఈ పాఠానికి కూడా ఆ పరిమితి ఉంది. చర్చ సారాంశం రెండు భాషల్లోనూ ఉన్నప్పుడే మన కొలమానానికి నిలుస్తుంది.

6. మీ వంతు

దూరవిద్యలో చదివే మీకు రోజూ వెళ్లే క్యాంపస్ లేదు. మీ విశ్వవిద్యాలయం ఆదివారం తరగతులు జరిగే అధ్యయన కేంద్రం, ఈ పుస్తకం, మీతోపాటు చదివేవారు. అందువల్ల ఈ చర్చ మీది కాదనుకోవద్దు. సదస్సు వేదిక మీది వక్తల కంటే, పనికి వెళ్తూ వస్తూ ఆ చౌరస్తా దాటే మీకే ఈ ప్రశ్న దగ్గరిది. ఆ తనిఖీ ఎలా ఉంటుందో, దానివల్ల మీ వీధి ఎంత భద్రంగా ఉందో లేదో మీరు చెప్పగలిగినంత సూటిగా వక్తలు చెప్పలేరు.

అభ్యాసం: ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను మీ ప్రాంతంలో వాడవచ్చా అన్న విషయం మీద మీ అధ్యయన కేంద్రంలో చర్చ జరపండి. ఓటింగుతో ముగించకండి. ఎక్కువమంది ఒప్పుకున్న అభిప్రాయాన్ని ఒక పేజీలో రాయండి. ఒప్పుకోని వారు, ఒక్కరే అయినా సరే, మరో పేజీ రాయాలి. ఆ పేజీలో ముందుగా ఎదుటి పక్షం వాదనను వారు ఒప్పుకునేలా చెప్పాలి. తరవాత చట్టం, నీతి, విధానం అనే మూడు ప్రశ్నలకూ తమ కారణాలు ఇవ్వాలి. రెండు పేజీలనూ తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, కేంద్రం నోటీసు బోర్డు మీద పక్కపక్కన పెట్టండి. ఉర్దూ రాయగలిగిన సహవిద్యార్థి సాయం తీసుకోండి.