రెండు రంగులు చాలు

తెల్లటి కాన్వాసు మీద నల్లటి చతురస్రం. అంతే. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో చిత్రకారుడు కజిమీర్ మలేవిచ్ తన ఆ బొమ్మను రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉంచే పై మూలలో తగిలించాడు. ఇదీ ఒక బొమ్మేనా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. తిరుపతి వాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు.

మనం రోజూ చూసేవి గీతలూ రెండు రంగులే కదా. గుడి ప్రహరీ మీద సున్నం, కావి పట్టెలు. నుదుట తెల్లటి తిరుమణి, మధ్యలో ఎర్రటి శ్రీచూర్ణం. వాకిట్లో ముగ్గు, దాని చుట్టూ ఎర్రమన్ను. కొండా చెట్టూ మనిషీ ఏదీ గీయకపోయినా ఇది గుడి, ఈయన వైష్ణవుడు, ఇవాళ పండగ అని దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇలాంటి బొమ్మలకు మన వైపు మరో ముడీ ఉంది. మలేవిచ్ చతురస్రం తగిలించిన ఆ 1915లోనే అనీబీసెంట్ దివ్యజ్ఞాన సమాజం తరఫున మన మదనపల్లెలో కాలేజీ పెట్టించారు. ఇప్పటి బీటీ కాలేజీ అదే. అంతకు ముందే ఆమె, ఆ సమాజంలోని లెడ్‌బీటర్ కలిసి రాసిన పుస్తకంలో భక్తికి నీలం, కోపానికి ఎరుపు అంటూ మనసులోని భావాలకు రంగులూ ఆకారాలూ ఇచ్చి బొమ్మలు వేయించారు. చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911లో తెచ్చిన తన పుస్తకంలో ఆ సమాజం గురించి రాశాడు. మరో చిత్రకారుడు మోండ్రియన్ 1909లోనే అందులో సభ్యుడు. తర్వాతి రోజుల్లో ఆయన నిలువు గీత, అడ్డగీత, ఎరుపు, పసుపు, నీలం, వాటికి తోడు నలుపు, తెలుపు, బూడిద రంగులతోనే సరిపెట్టుకున్నాడు.

రంగులు తగ్గితే పని సులువని అనుకుంటాం. మెలికల ముగ్గు వేసి చూడండి. కసువు ఊడ్చి, సానిపి చల్లి, చుక్కలు పెట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంటే గీత చుక్కను ముట్టకుండా చుట్టి, బయలుదేరిన చోటికే రావాలి. చుక్కల వరుస తప్పితే చివర్లో గీత కలవదు. ఉన్నది తెల్లపిండి ఒక్కటే కాబట్టి తప్పును కప్పిపుచ్చే వీల్లేదు. ముగ్గులో నాకు నచ్చేది ఆ బిగువే.

సంక్రాంతి పోటీల్లో ఇప్పుడు రంగుల ప్యాకెట్లు విప్పి నెమళ్లు, కుండలు, చెరుకుగడలు నింపేస్తున్నాం. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ రంగు పరుచుకున్నాక కింద గీత ఎంత తిన్నగా ఉందో ఎవరూ చూడరు. పోటీలు పెట్టేవాళ్లకు ఒక మనవి: పిండి, ఎర్రమన్ను తప్ప మరేదీ వాడకూడదన్న విభాగం ఒకటి పెట్టండి. చేయి తిరిగినవాళ్లెవరో అక్కడే తేలుతుంది.