'నా జీవిత యాత్ర' నాలుగో భాగం – ఆంధ్రరాష్ట్ర తొలి ప్రభుత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రపు తొలి ప్రభుత్వం 13 నెలలకే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఈ పరిణామాన్ని టంగుటూరి ప్రకాశం వ్యక్తిగత విషాదంగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర' ఈ దృష్టికి ఎలా తోడ్పడుతుందో, ఆత్మకథా రూపం పాలనాచరిత్రలో దేన్ని చూపి దేన్ని మరుగుపరుస్తుందో కృష్ణా డెల్టా అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఆత్మకథ, ఆంధ్రరాష్ట్రం, ప్రకాశం, కృష్ణా డెల్టా, మద్యనిషేధం, పాలన.

1. ఉపోద్ఘాతం:
'నా జీవిత యాత్ర' మొదటి మూడు భాగాలు ప్రకాశం రచన. నాలుగో భాగాన్ని తెన్నేటి విశ్వనాథం పూర్తి చేశారు. ఆంధ్రరాష్ట్ర పాలనాకాలం మనకు అందేది విశ్వనాథం కలం నుంచే. శీర్షికలో 'నా' అనే మాట అలాగే ఉంది. ఆ 'నేను' మాత్రం కథకుడి స్థానం నుంచి కథానాయకుడి స్థానానికి జరిగింది. కొత్త కథకుడు ఆ మంత్రివర్గంలోనే సభ్యుడు. కనుక ఈ భాగం అటు పూర్తిగా ఆత్మకథ కాదు, ఇటు తటస్థమైన చరిత్రా కాదు. పాలనలో పాలుపంచుకున్న సహచరుడి సాక్ష్యం. దాని విలువా, పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

2. రూపం – దాని పర్యవసానం:
ఆత్మకథకు కేంద్రం ఒక జీవితం. సంఘటనలన్నీ ఆ జీవితానికి ఎదురైన పరీక్షలుగా అమరుతాయి. ప్రభుత్వం పడిపోవడం నాయకుడి పరాజయమవుతుంది. ఓటు మార్చినవారు ద్రోహులో, నిస్సహాయులో అవుతారు. ప్రభుత్వం ఏ పునాది మీద నిలిచిందన్న ప్రశ్న వెనకబడుతుంది.

ఆ పునాదిని పరిశీలిస్తే మూడు బలహీనతలు కనిపిస్తాయి. మొదటిది, 140 మంది సభ్యుల ఆ శాసనసభను ప్రజలు ఆంధ్రరాష్ట్రం కోసం ఎన్నుకోలేదు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన వారితోనే అది ఏర్పడింది. ఏ పక్షానికీ సొంత ఆధిక్యం లేదు. రెండోది, రాష్ట్రం పుట్టకముందే చేసిన వాగ్దానం ప్రభుత్వాన్ని బంధించింది. రాజధాని, హైకోర్టుల ఎంపికలో మొదటి అవకాశం రాయలసీమదేనని 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక చెప్పింది. ఆ ప్రకారమే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. విజయవాడ–గుంటూరు ప్రాంతమే రాజధానికి తగినదని కమ్యూనిస్టులు వాదించారు. డెల్టా జిల్లాల్లో వారి బలం ఎక్కువ. అంటే ప్రభుత్వం తన మాట నిలుపుకున్న నిర్ణయమే ప్రతిపక్షం బలంగా ఉన్న ప్రాంతంలో అసంతృప్తికి కారణమైంది. మూడోది, మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన చట్టాలను అమలుచేసే శక్తి కొత్త రాష్ట్రానికి చాలలేదు. మద్యనిషేధం ఇందుకు ప్రధాన ఉదాహరణ.

3. తాటిచెట్టు – ఆనకట్ట:
మద్యనిషేధ సమీక్షకు నియమించిన రామమూర్తి సంఘం దాన్ని ఎత్తివేయాలని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను అమలుచేయలేదు. నిషేధం ఖజానాకు ఆబ్కారీ ఆదాయం లేకుండా చేసింది. కల్లుగీతపై బతికే కుటుంబాలకు జీవనోపాధి లేకుండా చేసింది. గీతకార్మికుల పక్షాన గౌతు లచ్చన్న సాగించిన ఉద్యమం ఈ బాధను రాజకీయ ప్రశ్నగా మార్చింది. 1954 నవంబరు 6న మంత్రివర్గం కూలింది ఈ అంశంపైనే. ఆ 'ఒక్క ఓటు'ను వ్యక్తుల కథగా చెబితే దాని వెనకనున్న గీతకార్మికుడు కనిపించడు.

ఇదే కాలంలో విజయవాడలో మరో కథ నడిచింది. 1852–55 మధ్య కట్టిన కృష్ణా ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో బ్యారేజీ నిర్మాణం 1954లో మొదలై 1957లో పూర్తయింది. పని ప్రకాశం ప్రభుత్వంలో మొదలైంది; రాష్ట్రపతి పాలనలో, బెజవాడ గోపాలరెడ్డి ప్రభుత్వంలో సాగింది; 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ముగిసింది. మంత్రివర్గం కూలినా పని ఆగలేదు.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెడితే బలహీన మంత్రివర్గం, బలహీన రాజ్యం ఒకటి కావని తెలుస్తుంది. శతాబ్దంగా పాతుకున్న నీటిపారుదల వ్యవస్థ, డెల్టా రైతులందరికీ అవసరమైన లక్ష్యం ఉన్నచోట ప్రభుత్వాలు మారినా పాలన సాగింది. ప్రజల సమ్మతి కుదరని చట్టం దగ్గర అది తడబడింది. అయితే బ్యారేజీకి కూడా చివరికి ప్రకాశం పేరే స్థిరపడింది. గౌరవసూచకంగా అది సముచితమే. కానీ వ్యవస్థ చేసిన పనిని వ్యక్తి పేరుతో గుర్తుంచుకునే అలవాటుకు అది కూడా సాక్ష్యమే.

4. ఒక పోలిక:
స్వాతంత్ర్యానంతరం అమెరికా రాష్ట్రాలు 1781లో అమలులోకి తెచ్చుకున్న సమాఖ్య ఒప్పందంలో కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు. ఆ బలహీనతకు పరిష్కారంగా 1787లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. ఆంధ్రలో పరిస్థితి దీనికి విరుద్ధం. ఇక్కడ కేంద్రం బలమైనది, రాష్ట్ర ప్రభుత్వం బలహీనమైనది. కనుక పరిష్కారం ఢిల్లీ నుంచి వచ్చింది: రాష్ట్రపతి పాలన, 1955 మధ్యంతర ఎన్నికలు. స్థిరత్వం దక్కింది, ప్రాంతాల మధ్య పంపకం, చట్టానికి సమ్మతి అనే మూలప్రశ్నలపై కొత్త ఒప్పందం మాత్రం కుదరలేదు.

5. ఒక ఆక్షేపణ:
ప్రకాశం వ్యక్తిత్వమే ఆ కూటమికి ఆధారం కదా, వ్యక్తికేంద్రిత కథనం తప్పెలా అవుతుంది అని అడగవచ్చు. కాంగ్రెసును వీడిన నాయకుడినే ఆ పార్టీ ముఖ్యమంత్రిగా అంగీకరించడం ఆయన ప్రతిష్ఠకు నిదర్శనం. అయితే కూటమిని కూర్చగలిగిన ప్రతిష్ఠ దానిని నిలపలేకపోయింది. ఎందుకు నిలపలేకపోయిందో వివరించడానికి వ్యక్తిత్వం ఒక్కటే సరిపోదు.

6. ముగింపు:
నాలుగో భాగం అంతరంగికుడు ఇచ్చిన అరుదైన సాక్ష్యం; దాన్ని పక్కనపెట్టి ఈ కాలాన్ని రాయలేం, దానితోనే సరిపెట్టుకోనూ లేం. దాన్ని శాసనసభ చర్చలతో, నీటిపారుదల శాఖ నివేదికలతో, 1952లో విజయవాడ నుంచి దినపత్రికగా మొదలైన ప్రతిపక్ష స్వరం 'విశాలాంధ్ర' సంచికలతో కలిపి చదవాలి. 2014 విభజన తర్వాత రాజధాని ప్రశ్న మళ్ళీ డెల్టాకూ కర్నూలుకూ మధ్య తలెత్తింది. దాన్నీ ఎక్కువగా నాయకుల మధ్య పోటీగానే చెప్పుకున్నాం. ఆనాటి చరిత్రను మనం చదివే పద్ధతి మారితే, ఈనాటి వివాదంలో నాయకులను దాటి ఒప్పందాలనూ సమ్మతినీ వ్యవస్థలనూ ప్రశ్నించడం సాధ్యమవుతుంది.