కట్టె బూడిద, బొగ్గు బూడిద

కట్టెల పొయ్యి బూడిద వేరు, బొగ్గు పొయ్యి బూడిద వేరు. బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. టమాట మొదట్లో బూడిద చల్లమని, గిన్నెలు బూడిదతో తోమమని, విత్తనాల్లో బూడిద కలపమని చెప్పే పెద్దల మాటలు ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయి. మాటలు మంచివే. ఏ బూడిదో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

కట్టె కాలితే, ఆ చెట్టు నేలలోంచి తీసుకున్న పొటాష్, సున్నం బూడిదలో మిగులుతాయి. తడి చేత్తో రుద్దితే కాస్త జారుడుగా తగిలేది అందుకే. గిన్నె జిడ్డు వదిలించేదీ, వంగ మొక్కకు బలమిచ్చేదీ ఆ గుణమే. బొగ్గు కాలితే మిగిలేది ఎక్కువగా సిలికా, అల్యూమినా, కొంత ఇనుము. పొటాష్ నామమాత్రం. బొగ్గులో అణుమాత్రంగా ఉండే ఆర్సెనిక్, సీసం లాంటివి, మండేదంతా మండిపోయాక ఆ కొద్ది బూడిదలోనే చిక్కబడతాయి. అది కూరగాయల మడిలో వేయాల్సిన సరుకు కాదు. అన్నం తినే కంచం తోమాల్సింది అంతకన్నా కాదు.

ఈ తికమక ఎలా వచ్చిందో తెలుసు. 1960 ప్రాంతంలో రామగుండంలో బొగ్గు బాయిలు తెరుచుకున్నాక చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మూటాముల్లెతో పాటు ఇంటి వైద్యం, పెరటి సేద్యం, గింజ దాచే పద్ధతులు తెచ్చుకున్నారు. ఇంటి వాడకానికి గనుల కంపెనీ బొగ్గు ఇచ్చింది. తుమ్మ కట్టె పోయి నల్లరాయి వచ్చింది. పొయ్యి మారింది గాని, పొయ్యి చుట్టూ ఉన్న మాటలు పాతవే మిగిలాయి. 1983లో బొగ్గుతో కరెంటు తీసే ఎన్టీపీసీ తొలి యూనిట్ మొదలయ్యాక ఊరి పక్కనే బూడిద చెరువు కూడా వచ్చింది. ఆ బూడిద ఇటుకలకు, సిమెంటుకు బాగా పనికొస్తుంది. వాడాల్సిన చోటు అదే.

మా పక్క క్వార్టర్లో ఉండే పెద్దమ్మకు ఈ తేడా పుస్తకం లేకుండానే తెలుసు. నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి బూడిదను జల్లెడ పట్టి డబ్బాకెత్తేది. బొగ్గు పొయ్యి బూడిదను వానాకాలం గేటు ముందు గుంతల్లో పోసేది. రెండూ కలిపితే ఏమవుతుందని చిన్నప్పుడు అడిగాను. "అది భూమిల కెల్లి తీసిన రాయి బిడ్డా, ఇది చెట్టు. రాయిని తింటవా?" అన్నది. రసాయనశాస్త్రం దీనికి కలిపేది పెద్దగా ఏమీ లేదు.

ఆమె కందులు దాచే తీరు చూడాల్సిందే. ఎర్రమన్ను మెత్తగా జల్లించి నీళ్లలో చిక్కగా కలిపేది. కందులు చాటలో పోసి, ఆ మన్ను నీళ్లు చిలకరిస్తూ రెండు అరచేతులతో రుద్దేది. గింజ గింజకూ ఎరుపు పట్టాక కుప్ప చేసి, రాత్రంతా గోనె సంచి కప్పేది. తెల్లారి బండల మీద పరిచేది. సాయంత్రం నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికేది. టక్కుమనకపోతే మర్నాడు మళ్లీ ఎండకే. బాగా ఎండాకే కుండకెత్తి మూతి కట్టేది. ఇందులో గుడ్డి నమ్మకం ఏమీ లేదు. పప్పుగింజలను తినే పురుగు గుడ్డును తొక్క మీదే అంటిస్తుంది. పిల్ల పురుగు అక్కడి నుంచి లోపలికి తొలుస్తుంది. మన్ను పూత ఉన్న గింజ మీద గుడ్డు నిలవడం కష్టం, ఎండిన గింజలో పురుగు బతకడం కష్టం. కిలోకు చెంచాడు ఆముదం పట్టించినా పని జరుగుతుంది. నూనె పొర గుడ్డుకు గాలి ఆడనివ్వదు. పప్పు విసిరే రోజున ఆ మన్ను వల్ల పొట్టు కూడా తేలిగ్గా ఊడేది. ఇంత తెలివైన పనిని చిట్కా అని తేల్చేయడం నాకు నచ్చదు.

అదే పెద్దమ్మ ఒక విషయంలో మాత్రం నాన్న మాట వినేది. చలికాలం తెల్లవారుజామున బొగ్గు పొయ్యి అంటించి బయట పెట్టడం, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తేవడం కాలనీలో అందరూ చేసే పనే. పొగ పోయింది కాబట్టి భయం లేదనుకునేవాళ్లు. నాన్న బాయిలో సర్దారు, అంటే భద్రత చూసే మనిషి. "కండ్లు మండించే పొగైతే మనమే బయటికి ఉరుకుతం వదినె. కనపడని గాలే మనిషిని మింగుతది" అని చెప్పి, పొయ్యి లోపలుంటే రెండు కిటికీలూ తెరిపించేవాడు, పడుకునే ముందు తిరిగి బయట పెట్టించేవాడు. ఎర్రగా కణకణలాడే నిప్పు నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోటును దానికన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. గనిలో సర్దారు పట్టుకెళ్లే దీపం మీథేన్‌ను చూపిస్తుంది, ప్రాణవాయువు తగ్గితే చెబుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం పట్టించలేదు. అందుకే హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహాతో బ్రిటన్ గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకుపోయేవారు. వాటి బదులు యంత్రాలు పెట్టాలని అక్కడ నిర్ణయించింది 1986లో. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవడం ఎంత పాత అలవాటైనా మానుకోవాల్సిందే.

ఇక బెల్లం. షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి చేతిలో ముందు బెల్లం ముక్క పెట్టడం మా ఇళ్లలో మర్యాదలాంటిది. గుండెల్లో దుమ్మును బెల్లం కడిగేస్తుందని నమ్మకం. దీన్ని కొట్టిపారేయను. 1994లో లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధన కేంద్రం వాళ్లు ఎలుకలకు బొగ్గు దుమ్ము ఎక్కించి, బెల్లం తినిపించి చూశారు. ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము కణాలు కదలడం బెల్లం తిన్న వాటిలో మెరుగ్గా ఉందని రాశారు. సరే, అది ఎలుక సంగతి. మనిషి ఊపిరితిత్తి దుమ్ముకు గట్టిపడి మచ్చలు కట్టాక దాన్ని మెత్తబరిచే బెల్లం లేదు, మందూ లేదు. దుమ్ము లోపలికి పోకుండా చూడటమే దారి: డ్రిల్లు దగ్గర నీళ్లు, రోడ్ల మీద నీళ్లు, ముక్కుకు సరైన మాస్కు, వేళకు ఎక్స్‌రే. బెల్లం తిన్నాననే ధీమాతో మాస్కు జేబులో పెట్టుకుంటే ఆ బెల్లమే కీడు చేసినట్టు. రిటైరై షుగర్ వచ్చినా ఆ ముక్క మానని పెద్దలకు ఈ మాట ఇంట్లోవాళ్లే నచ్చజెప్పాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఒళ్లు నొప్పులకు వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, కడుపుబ్బరానికి వాము, మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఉప్పేసిన మజ్జిగ, అంబలి: వీటిని నిశ్చింతగా కొనసాగించండి. జేబులో ఉల్లిగడ్డ వడదెబ్బను ఆపదు. చెమట ఆగి, ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ దవాఖానకు ఉరకాలి. పొయ్యి దగ్గర ఒళ్లు కాలితే పేస్టు, సిరా పూయకుండా నల్లా కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టొద్దు. సబ్బుతో పావుగంట పారే నీళ్లలో కడగాలి, ఆ రోజే టీకా వేయించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. పాము కాటుకు పసరు లేదు, మంత్రం లేదు. విషానికి విరుగుడు సూది దవాఖానలోనే ఉంది.

ఈ శీర్షికకు ఇంటి వైద్యం, పెరటి పద్ధతులు రాసి పంపుతున్న పాఠకులకు ఒక మనవి. "బూడిద వేయాలి" అని ఒక్క ముక్కతో ముగించకండి. ఏ కట్టె బూడిద, ఏ ఊరి మన్ను, ఎన్ని ఎండలు, ఎంత కొలత, ఇంట్లో ఎవరు చేసేవారు, ఎప్పుడు పని చేయలేదు, అన్నీ రాయండి. మీ ఇంట్లో ఈ పని చేతులతో చేసిన పెద్దమ్మలుంటే, ఈ ఆదివారం కాగితం, కలం పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి.