ఖాళీ కాని చోటు

జపాన్‌లోని నావోషిమా దీవిలో నల్లటి చెక్క గోడల ఇల్లొకటి ఉంది. కట్టింది తడావో ఆండో. లోపలి కళాకృతి జేమ్స్ టరెల్‌ది, 1999 నాటిది. గోడ తడుముకుంటూ వెళ్లి బల్ల మీద కూర్చోవాలి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కొన్ని నిమిషాలు గడిచాక ఎదురుగా బూడిదరంగు తెరలాంటిది తేలుతుంది. ఎవరూ దీపం పెంచలేదు. ఆ వెలుగు మొదటినుంచీ అక్కడే ఉంది. దాన్ని అందుకోడానికి మన కంటికే అంతసేపు పట్టింది.

కరెంటు లేని గూడెంలో రాత్రులు గడిపినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పొయ్యి దగ్గర్నుంచి లేచి బయటికొస్తే ముందు ఏమీ కనపడదు. కాసేపు నిలబడితే దారి, కంచె, ఇప్పచెట్టు ఒక్కొక్కటే తేలతాయి. ఆ కాసేపునే కళగా నిలబెట్టాడు టరెల్. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఫొటోలో మాత్రం ఈ పనికి అన్యాయం జరుగుతుంది. రంగు దొరుకుతుంది, ఎదురుచూపు దొరకదు.

1943లో లాస్ ఏంజెలెస్‌లో, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకర్ల ఇంట పుట్టాడు. మనిషి ఎలా చూస్తాడో చెప్పే మనస్తత్వశాస్త్రం చదివాడు, విమానాలు నడిపాడు. 1980లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆయన వెలుగును గోడ అనుకుని ఆనుకోబోయి జనం పడ్డారు, కేసులూ పెట్టారు. కన్ను ఎంత గట్టిగా నమ్ముతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆయన గదుల్లో వస్తువు లేదు, బొమ్మ లేదు, కథ లేదు, అంతా ఖాళీ అని విమర్శకులు మెచ్చుకుంటారు. నాలుగు గోడల మధ్య ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన 1977లో అరిజోనా ఎడారిలో రోడెన్ క్రేటర్ అనే చల్లారిన అగ్నిపర్వతాన్ని కొన్నాడు. ఆకాశం గిన్నె బోర్లించినట్టు కనపడాలని పది లక్షల ఘనపు గజాలకు పైగా మట్టి తీయించి దాని అంచు సరిచేయించాడు. లోపల సొరంగాలు, గదులు కట్టించాడు. ఇన్నేళ్లయినా అది అందరికీ తెరుచుకోలేదు. దాని గురించి రాసేవాళ్లు అక్కడ కూడా అదే మాట వాడతారు: ఖాళీ ఎడారి, ఎవరూ లేని చోటు.

ఖాళీ అన్న మాట వింటే మనకు ఉలికిపాటు. మన పోడు భూమి కాగితాల్లో ఎన్నిసార్లు అలా ఖాళీ అయిందో మనకు తెలుసు. ఆ ప్రాంతంలోనే ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు హోపీలకూ నవాహోలకూ పవిత్రం. వాన తెచ్చే కాచినాలు ఉండేది అక్కడేనని హోపీల నమ్మకం. నా గొడవ టరెల్‌తో కన్నా ఈ రాతలతోనే ఎక్కువ. అయినా మనిషి చూపునే జీవితమంతా పరీక్షించినవాడు, ఆ చోటును తనకన్నా ముందు చూసినవాళ్లను కూడా తన పనిలోకి పిలవాల్సింది. సూర్యుడు దిగంతం మీద ఎక్కడ పొడుస్తున్నాడో గమనించి నాట్ల రోజులు నిర్ణయించడం హోపీల పాత పద్ధతి. అందుకోసం వాళ్లు ఏ కొండ అంచునూ చెక్కలేదు.